సంఘం వదిలాక మొదలైన వాదనలు

యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖ సంఘం నుంచి బయటికి రావాలంటే ఏం చేయాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఇంట్లోవాళ్ళు ఎలా ఉంటారు అని ఈ మధ్య నన్ను కొందరు అడుగుతున్నారు. బయటికి రావడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉత్తరం రాస్తే నెల తిరిగేలోపే అయిపోతుంది. ఆ తర్వాతి సంగతులే నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకని మొదటి భాగం త్వరగా ముగించి, రెండోదాని గురించే ఎక్కువ రాస్తాను.

మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న పట్నం. తాతగారు లూథరన్. 1990ల్లో ఇంటికి వచ్చిన ఇద్దరు సాక్షులతో నాన్న బైబిలు అధ్యయనం మొదలుపెట్టి, రెండేళ్ళకు అమ్మతో సహా బాప్తిస్మం తీసుకున్నారు. నేను 2006లో, పదహారేళ్ళప్పుడు తీసుకున్నాను. పుట్టినరోజులు లేవు, క్రిస్మస్ లేదు, ఓటు లేదు. బడిలో జనగణమన పాడుతున్నప్పుడు లేచి నిలబడేదాన్ని, గొంతు మాత్రం కలిపేదాన్ని కాదు.

"ఎంత డబ్బు లాగారు?" అన్నది బయటివాళ్ళు మొదట అడిగే ప్రశ్న. లాగలేదు. దశమభాగం అన్న మాటే మా దగ్గర లేదు. మీటింగులు జరిగే రాజ్యమందిరంలో ఒక మూల పెట్టె ఉంటుంది, వేసేవాళ్ళు వేస్తారు, ఎవరూ చూడరు. మేము ఇచ్చింది సమయం. కొన్నేళ్ళు నేను క్రమ పయినీరుగా ఉన్నాను. అంటే అప్పట్లో నెలకు 70 గంటలు ఇంటింటికీ వెళ్ళి మత ప్రచారం చేయాలి. ఒక పార్ట్‌టైం అకౌంట్స్ పని, మిగతా రోజంతా గుమ్మాలు. 2023 మార్చిలో ఆ 70ని 50 చేశారు. నవంబరు నుంచి మామూలు ప్రచారకులు గంటల లెక్క ఇవ్వనక్కర్లేదన్నారు. డిసెంబరులో మగవాళ్ళు గడ్డం పెంచుకోవచ్చన్నారు.

నన్ను బయటికి నెట్టింది ఆ గడ్డమే. నవ్వుకోండి, పర్వాలేదు. మా తమ్ముడు డిగ్రీలో ఉండగా గడ్డం పెంచాడని సంఘాన్ని నడిపే పెద్దల్లో ఇద్దరు ఇంటికి వచ్చి మాట్లాడారు. మీటింగుల్లో మైకు అందించే చిన్న పని ఉండేది వాడికి, అదీ తీసేశారు. వాడు గీసుకోలేదు. క్రమంగా మీటింగులు మానేశాడు, తర్వాత బెంగళూరు వెళ్ళిపోయాడు. బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి బహిష్కరణ అంటూ ఏమీ లేదు కానీ, అమ్మ వాడితో ఫోనులో అన్నం తిన్నావా అన్న మాట దాటి మాట్లాడింది లేదు. ఇప్పుడు వీడియోలో, సాక్షులందరికీ నియమాలు చెప్పే పరిపాలక సభ సభ్యుడు చిరునవ్వుతో, గడ్డాన్ని ఖండించే లేఖనమేదీ లేదని చెబుతున్నాడు. మందిరంలో అందరూ సంతోషించారు. పక్కనే అమ్మ చప్పట్లు కొట్టింది. నేను అమ్మ చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను.

బయటపడడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మీటింగులకు వెళ్ళడం తగ్గించుకుంటూ చప్పుడు లేకుండా జారుకోవడం. ఇలా చేస్తే మీటింగులో పేరు చదివి ప్రకటించడం ఉండదు, ఇంట్లోవాళ్ళు మాట్లాడతారు, కానీ ఏళ్ళ తరబడి ఒంట్లో బాగాలేదనో ఆఫీసులో పని ఉందనో చెప్పుకుంటూ ఉండాలి. రెండోది, ఇక నేను మీలో ఒకరిని కానని ఉత్తరం రాసి ఇవ్వడం. నాకు అబద్ధాలు గుర్తుపెట్టుకోవడం చేతకాదు. 2024 జనవరి రెండో వారంలో ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముప్పై రూపాయలు కూడా కాలేదు. వారంలోపే అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. మరో నాలుగు రోజులకు ఇద్దరు పెద్దలు విజయవాడలో నా అద్దె ఇంటికి వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. ఎవరైనా నొప్పించారా అని అడిగారు, మతభ్రష్టులతో, అంటే సంఘానికి ఎదురు తిరిగినవాళ్ళతో, పరిచయం ఉందా అని అడిగారు. అప్పటికి లేదు, అదే చెప్పాను. కాఫీ తాగి వెళ్ళారు.

ఫిబ్రవరి మొదట్లో వారం మధ్య మీటింగులో, ఫలానా సహోదరి ఇక యెహోవాసాక్షి కాదని ఒక్క వాక్యం చదివారు. కారణం చెప్పరు, చర్చ ఉండదు. ఆ తర్వాత సంఘంలోవాళ్ళు మనతో మాట్లాడకూడదు. ఆ రాత్రి పది దాటేసరికి ఫోనులో గుంపులన్నీ నన్ను తీసేశాయి. ఇరవై ఏళ్ళ పరిచయాలు. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. చాలా ఆకలి వేసింది. అర్ధరాత్రి ఉప్మా చేసుకుని తిన్నాను.

ఇక్కడ కొన్ని పనికొచ్చే సంగతులు చెబుతాను. నా బట్టలు కుట్టే ఆవిడ, ఎల్‌ఐసీ ఏజెంటు, గ్యాస్ స్టవ్ బాగుచేసే అబ్బాయి, అందరూ సంఘంలోవాళ్ళే. ఒక్క వారంలో అందరినీ కొత్తగా వెతుక్కోవాల్సి వచ్చింది. ఆఫీసు ఫారంలో అత్యవసరానికి ఇచ్చిన రెండు ఫోను నంబర్లూ సంఘంలో వాళ్ళవే. అన్నిటికంటే ముఖ్యమైనది, సాక్షులు రక్తం ఎక్కించుకోరు కాబట్టి పర్సులో ఉండే, రక్తం ఎక్కించవద్దన్న కార్డు. ఎంత మతం వదిలినా, ప్రమాదం జరిగి ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే డాక్టరు చూసేది ఆ కార్డునే. అందులో నా తరఫున మాట్లాడడానికి రాసిన ఇద్దరు సహోదరీలు ఇప్పుడు నాతో మాట్లాడరు. ఉత్తరం రాసిన రోజే ఆ కార్డు చింపేయండి. నాకు జూన్ దాకా చేతులు రాలేదు.

మార్చిలో అమ్మ ఫోను చేసింది. ఆ నెలలోనే పరిపాలక సభ, సంఘం నుంచి తీసివేసినవాళ్ళను మీటింగుకు ఆహ్వానించవచ్చు, వస్తే పలకరించవచ్చు అని కొత్త మాట చెప్పింది. మార్చి 24న యేసు మరణ జ్ఞాపకార్థ ఆచరణకు నన్ను రమ్మంది అమ్మ. వెళ్ళాను. రొట్టె పళ్ళెం, ద్రాక్షారసం గిన్నె వరుసగా చేతులు మారుతూ వెళ్ళాయి. ఎప్పటిలాగే ఎవరూ తినలేదు, తాగలేదు. నలుగురైదుగురు బాగున్నారా అన్నారు. అంతకుమించి మాట్లాడడానికి అనుమతి లేదు కాబట్టి చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి అవతలికి తిరిగారు. అమ్మ భోజనానికి రమ్మనలేదు.

నాలాగే సంఘం వదిలిన మాజీల గుంపు నాకు జూన్‌లో దొరికింది. ఒకప్పుడు నాతో సేవ చేసిన నర్సు అక్క ద్వారా. ఆవిడ నాకంటే ఆరేళ్ళ ముందు బయటికి వచ్చింది. నేను ప్రకటన విన్నప్పటి నుంచి ఆవిడను రోడ్డు మీద చూసి తల తిప్పుకున్నదాన్నే. ఫోను ఎత్తగానే, "నీ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా" అంది. నెలకొక ఆదివారం ఒక రిటైర్డ్ మాస్టారి మేడ మీద పది పన్నెండు మంది కూర్చుంటారు. గుంటూరు, ఏలూరు, రాజమండ్రి నుంచి రైల్లో వచ్చేవాళ్ళున్నారు. మొదటి నియమం, ఫొటోలు తీయకూడదు. ఇంటిపేర్లు అడగకూడదు.

ఎందుకంత జాగ్రత్త అంటే కలమస్సేరి పేరు చెప్పారు. 2023 అక్టోబరు 29న, కేరళలో మా మూడు రోజుల సమావేశం చివరి రోజు పొద్దున, జనం కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా బాంబులు పేలాయి. ఆ రోజూ, తర్వాత ఆసుపత్రుల్లోనూ కలిపి మొత్తం ఎనిమిది మంది చనిపోయారు. పోలీసుల దగ్గరికి వచ్చి అది తన పనే అన్న వ్యక్తి, తాను ఒకప్పుడు ఈ సంఘంలో ఉన్నవాడినని చెప్పుకున్నాడు. అప్పటికి నేను లోపలే ఉన్నాను. వదిలిపోయినవాళ్ళంటే మాకు ముందే భయం, ఆ రోజుతో అది రెట్టింపయింది. మేడ మీదివాళ్ళకు అదే రోజు వేరే రకంగా గడిచిందట. "మా చెల్లెలి ఇంట్లో ఆ సాయంత్రం నా గురించి ఏమనుకుని ఉంటారు?" అని ఏలూరాయన ఇప్పటికీ అడుగుతాడు. సంఘం మీద గొంతెత్తి మాట్లాడడం సరేనా, లేక ఏ తిక్కలవాడి చేతికో మన మాట ఆయుధమవుతుందా అన్న వాదన ఆ మేడ మీద ఇంకా తెగలేదు.

వాదనల సంగతికి వస్తాను. పొలం అమ్ముకున్న రైతుకు కూడా తెల్లవారకముందే మెలకువ వచ్చినట్టు, మాకందరికీ ఆదివారం తొమ్మిదయ్యేసరికి ఒక ప్రశ్న, దానికి ఆధారం, చివర ఒక తీర్మానం కావాలి. మొదటి నెల విషయం దేవుడు. మాస్టారు నాస్తికుడు. 1940లో ముదునూరులో గోరా పెట్టి, 1947లో విజయవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రానికి ఆయన చాలాకాలంగా వెళ్తున్నారు. రాజమండ్రి దంపతులు ఒక పెంతెకొస్తు సంఘంలో చేరారు. గుంటూరు అబ్బాయి ఈ మధ్య శబరిమల వెళ్ళొచ్చాడు. మాస్టారు ఆ అబ్బాయి మీద విరుచుకుపడిన తీరు చూస్తే, మా పాత ప్రాంతీయ పర్యవేక్షకుడు గుర్తొచ్చాడు. అదే చూపుడు వేలు, అదే "మనసు పెట్టి ఆలోచించండి" అనే మాట. దేవుడు లేడనడంలో కూడా ఆయనకు సందేహమన్నది లేదు. దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు అన్నాను. ఆ జవాబు ఆ గదిలో ఎవరికీ నచ్చలేదు. తెలియదు అనడం మేము నేర్చుకోని చదువు.

ఆగస్టులో జెండా పండుగకు ముందు, ఇప్పుడు జనగణమన పాడాలా వద్దా అన్నది చర్చ. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కానీ నోరు తెరిచి పాడడం మాలో చాలామందికి జీవితంలో మొదటిసారి. గుంటూరు అబ్బాయి పాడాల్సిందే అన్నాడు. మాస్టారు ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచారు. 1985లో కేరళలో ముగ్గురు సాక్షుల పిల్లలను పాడలేదని బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని రాశారు. "సంఘం వద్దనుకున్నాను, ఆ తీర్పు వద్దనుకోలేదు. నిలబడతాను, పాడను" అన్నారు మాస్టారు. నేను మా అపార్ట్‌మెంట్‌లో పాడాను. పాట మొత్తం వచ్చు. ఇన్నేళ్ళు విన్నాను కదా. స్వరం మాత్రం ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక పక్కింటి పిల్లలు నవ్వారు.

ఓటు గురించి పెద్ద చర్చ జరగలేదు. మే 13న రాష్ట్రంలో ఎన్నికలు వచ్చేసరికి నాకు ఓటరు కార్డే లేదు. తర్వాత ఆరో నంబరు ఫారం పెట్టుకున్నాను, వచ్చింది.

అన్నిటికంటే వేడిగా నడిచింది కులం కాగితం మీద. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఈ విషయం అందరికీ తెలుసు, ఎవరూ పైకి మాట్లాడరు. మాది మాల కుటుంబం. మా బంధువుల్లో చర్చికి వెళ్ళేవాళ్ళు చాలామంది కాగితం మీద హిందువులే, ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. మా నాన్న మాత్రం సాక్షి అయ్యాక అబద్ధం రాయకూడదని బీసీ-సీ తీసుకున్నారు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళకు, వాళ్ళ పిల్లలకు ఉన్న వర్గం అది. రిజర్వేషను ఒక శాతం. ఇంటర్ తర్వాత నాకూ తమ్ముడికీ దాని నష్టం బాగానే తెలిసింది. నాన్న 2017లో పోయారు. ఇప్పుడు నేను ఆ సంఘంలో లేను, ఏ చర్చిలోనూ లేను. మరి నేనెవరిని?

సెప్టెంబరు, అక్టోబరు రెండు నెలలూ ఇదే నడిచింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు లేరు, నాస్తికుల ఊసే లేదు. దేవుణ్ణి పూర్తిగా వదిలేసిన మాస్టారు కూడా కాగితం మీద ఏదో ఒక దేవుడి నీడన ఉండాల్సిందే. తిరిగి హిందూ మతంలోకి వస్తే హోదా వస్తుందా అంటే, 2015లో సుప్రీంకోర్టు మూడు షరతులు చెప్పింది: ఆ కులంవాళ్ళేనని రుజువు, పూర్వీకుల మతంలోకి నిజంగా తిరిగి రావడం, ఆ కులంవాళ్ళు ఒప్పుకోవడం. అబ్బాయి ఆ దారిలో ఉన్నాడు, శబరిమల యాత్రలో అదీ ఒక భాగం. పెంతెకొస్తు ఆవిడ అతన్ని నిలదీసింది: "ఒక అబద్ధం నుంచి బయటికొచ్చి ఇంకో అబద్ధంలోకి పోతావా?" అతను ఊరుకోలేదు. "మా తాత క్రైస్తవుడైతే ఊళ్ళో ఆయన్ని వేరే గ్లాసులో టీ తాగమనడం మానేశారా అక్కా? కులం నన్ను వదల్లేదు, కులం కాగితం మాత్రం వదిలేయాలా?" దానికి గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసిందని ఒకరన్నారు. తీర్మానంతో ఉద్యోగం వస్తుందా అని ఇంకొకరు. నవంబరులో సుప్రీంకోర్టు మరో కేసులో, నమ్మకం లేకుండా రిజర్వేషను కోసమే మతం మారానంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. ఆ వార్త చూసి అబ్బాయి రెండు నెలలు మేడ ఎక్కలేదు.

నేను కొంతకాలం కులం, మతం లేదనే కాగితం కోసం ఆలోచించాను. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక జంట బిడ్డకు జనన ధ్రువపత్రంలో అలా రాయించుకునే వీలు కల్పించింది. కానీ నాన్న ఎంతో నష్టపోయి నిజమని రాయించిన కాగితాన్ని నేను నిజం పేరుతోనే చింపాలంటే మనసు ఒప్పలేదు. ఇప్పటికీ బీసీ-సీనే. మాస్టారు దీన్ని మెత్తదనం అంటారు. అనుకోనీ.

2025 జనవరిలో జరిగింది రాయాలా వద్దా అని ఆలోచించాను. మా గుంపులో అందరికంటే చిన్నదైన ఒక అమ్మాయి, సంఘంలోకి తిరిగి వెళ్తానంది. నమ్మకం వచ్చి కాదు. వాళ్ళ నాన్నకు కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలిసిస్. ఆయనతో మామూలుగా మాట్లాడాలి, అంతే. మీటింగులకు వెళ్ళి వెనక వరుసలో కూర్చోవడం అప్పటికే మొదలుపెట్టింది. ఏలూరాయన వెంటనే, ఆమె మన పేర్లు చెబుతుంది, ఫోను గుంపు నుంచి తీసేయాలన్నాడు. చేతులెత్తి ఓటు వేశాం. ఒక్క ఓటు తేడాతో తీసేయాలని తేలింది. ఆ సాయంత్రం అందరి ఫోన్లలో ఆమె నంబరును తొలగించినట్టు బూడిదరంగులో ఒక వాక్యం వచ్చింది. నర్సు అక్క దాని కింద, "ఈ ప్రకటన మైకులో కూడా చదవాల్సింది" అని రాసి తానూ బయటికి వెళ్ళిపోయింది. రెండు నెలలు మేడ మీద కూర్చోవడమే జరగలేదు. తర్వాత మాస్టారు స్వయంగా ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళారు కానీ అప్పటికే ఆమె పెద్దలకు మాట ఇచ్చేసింది. వేసవిలో ఆమెను తిరిగి చేర్చుకున్నారు. ఇప్పుడు బీసెంట్ రోడ్డులో ఎదురుపడితే నన్ను చూడదు. వాళ్ళ నాన్నతో మాట్లాడుతోందని మాత్రం తెలుసు.

నర్సు అక్క తిరిగి వచ్చింది రక్తదానం శిబిరం కోసం. మేమందరం జీవితంలో మొదటిసారి రక్తం ఇవ్వాలన్నది ఆవిడ పంతం. నేను భయపడుతూ, ప్రార్థన చేయాలా వద్దా అని తేల్చుకోలేక వెళ్తే, హిమోగ్లోబిన్ 12.1 ఉందని వెనక్కి పంపారు. కనీసం 12.5 ఉండాలట. మూడు నెలలు ఐరన్ మాత్రలు మింగి మళ్ళీ వెళ్ళాను. 350 మిల్లీలీటర్లు తీసుకుని బిస్కెట్లు, పండ్లరసం ఇచ్చారు. అపరాధ భావమూ రాలేదు, విముక్తి భావమూ రాలేదు. కాస్త కళ్ళు తిరిగాయి.

ఆ వారమే, జూలైలో, అమ్మ ఫోను. తుంటి ఎముక అరిగిపోయింది, మార్చాలన్నారు. ఇంటి అవసరాలు మాట్లాడుకోవడానికి నియమాలు అడ్డు రావు కాబట్టి మాట్లాడవచ్చు. ఆస్పత్రుల పని చూసుకోవడానికి తమ్ముడు దగ్గర లేడు, ఉన్నది నేనే. అమ్మ హిమోగ్లోబిన్ 9.4. మొదటి ఆసుపత్రిలో, అవసరమైతే రక్తం ఎక్కించడానికి ఒప్పుకుని సంతకం చేస్తేనే ఆపరేషను అన్నారు. అమ్మ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అక్కడితో ఆ ఆసుపత్రి కథ అయిపోయింది.

ఆ నెల మేడ మీద నా తల్లి తుంటే చర్చ. నర్సు అక్క, "ఆపరేషను బల్ల మీద రక్తం కారిపోతుంటే చూసినదాన్ని. మత్తులో ఉన్నప్పుడు నువ్వు సంతకం పెట్టెయ్, బతికాక తిట్టనీ" అంది. మాస్టారు 2008 నాటి సమీరా కోహ్లీ కేసు తీశారు. అందులో మత్తులో ఉన్న కూతురి తరఫున తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేస్తే, తన నిర్ణయం తాను తీసుకోగల వయసొచ్చిన మనిషి విషయంలో ఆ ఒప్పుకోలు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. "ఇక్కడ తల్లీ కూతుళ్ళు తారుమారు, అంతే తేడా. పైగా, ఒప్పుకోనని ఆవిడ ముందే రాసిపెట్టింది" అన్నారు. పెంతెకొస్తు ఆవిడ ప్రార్థించమంది. నేను ఆ రాత్రి అమ్మకు ఫోను చేసి, నేను నమ్మను, కానీ నువ్వు రాసింది నేను మార్చను అని చెప్పాను. అమ్మ కాసేపు ఆగి, "నువ్వు మారుస్తావని పెద్దలు అన్నారు. నేను లేదన్నాను" అంది.

రెండో ఆసుపత్రి ఆగస్టులో దొరికింది. ఈ పరిస్థితి వచ్చినవాళ్ళకు నేను చెప్పేది, ముందు సర్జన్‌ను కాదు, మత్తు డాక్టరును కలవండి. అవునో కాదో తేలేది అక్కడే. ఆయన ఐదు వారాలు ఆగమన్నారు. రెండుసార్లు నరంలోకి ఐరన్ ఎక్కించారు, ఒక్కోసారి నాలుగు వేల దాకా అయింది. వారానికొకటి ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్. దానిలో కొన్ని రకాల్లో మనిషి రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ఉంటుంది. అలాంటివి తీసుకోవాలో వద్దో సంఘం ఎవరి మనస్సాక్షికి వాళ్ళకు వదిలేసింది. అమ్మ తన కార్డులో వద్దని రాసుకుంది. అది లేని రకం కోసం నేను గవర్నరుపేటలో మందుల షాపులన్నీ తిరిగాను. నమ్మని నియమం కోసం ఎండలో తిరుగుతున్నానని నా మీద నాకే నవ్వొచ్చింది. అదనపు ఖర్చు అన్నీ కలిపి పాతికవేలు దాటింది. సెప్టెంబరు మొదటికి హిమోగ్లోబిన్ 12 అయింది.

సంఘం తరఫున ఆసుపత్రులతో మాట్లాడే కమిటీ నుంచి ఇద్దరు సహోదరులు వచ్చారు. ఫైలు నిండా వైద్య పత్రికల కాగితాలు, రక్తం లేకుండా చేసే డాక్టర్ల వివరాలు. చాలా ఓపికగా, పద్ధతిగా మాట్లాడారు. వాళ్ళు లేకపోతే ఆ మత్తు డాక్టరు అంత త్వరగా ఒప్పుకునేవారు కాదు. అందులో ఒకాయన చిన్నప్పుడు మా ఇంట్లో ఉగాది పచ్చడి లేని ఉగాది రోజున మాతో పులిహోర తిన్నవాడే. ఇప్పుడు నన్ను "మేడం" అన్నాడు.

ఆపరేషను రెండున్నర గంటలు పట్టింది. రక్తస్రావం తగ్గించే మందు ముందే ఇచ్చారు. తర్వాత హిమోగ్లోబిన్ 9.8కి దిగింది, అక్కడే నిలిచింది. రక్తం అవసరం పడలేదు. నర్సు అక్క దీన్ని అదృష్టం అంటుంది, మాస్టారు సన్నద్ధత అంటారు, అమ్మ యెహోవా అంటుంది.

తర్వాత కొన్ని వారాలు అమ్మ ఇంట్లోనే ఉన్నాను. లేపడం, నడిపించడం, స్నానం అన్నీ నేనే. వంట నేనే. మొదటి రోజు రెండు కంచాలు పెట్టుకుని మంచం పక్కన కూర్చోబోతే అమ్మ, "నువ్వు వంటింట్లో తినమ్మా" అంది. అట్టివానితో భుజింపనుకూడదు అన్న వచనం నాకూ కంఠతా వచ్చు కాబట్టి వివరణ అడగలేదు. వంటింట్లో తిన్నాను. గోడ అవతలి నుంచి కూరలో ఉప్పు తగ్గిందని కేక వేసింది. నేను ఇవతలి నుంచి, డాక్టరు తగ్గించమన్నాడని కేక వేశాను. అలా రోజూ అరుచుకుంటూనే తిన్నాం. ఇంతకుముందు ఎన్నడూ తినేటప్పుడు అన్ని మాటలు మాట్లాడుకోలేదు.

నవంబరులో ఫిజియోథెరపీ అయిపోయింది. ఇంటి అవసరమూ తీరింది కనుక ఫోన్లు ఆగిపోయాయి. మూడో నెల పరీక్షకు డిసెంబరులో రమ్మన్నారు, అపాయింట్‌మెంట్ నేనే తీసుకున్నాను. నర్సు అక్కకు మాత్రం నా మీద కోపం తగ్గలేదు. "హిమోగ్లోబిన్ ఐదుకు పడిపోయి ఉంటే ఏం చేసేదానివి?" అన్నదే ఆవిడ ప్రశ్న, వచ్చే ఆదివారం అందరి ముందూ అడుగుతానంది. అడగనీ. మాస్టారు నా పక్షం మాట్లాడతానన్నారు, వద్దన్నాను. ఈసారి నేనే చెప్పుకుంటాను.